సిక్ లైన్లో పెట్టిన ఫోటో

ఆ రోజుల్లో బెంగాల్లోని మా ఖరగ్‌పూర్‌లో "వద్దు" అన్న ఒక్క ముక్క అనడానికి జీతం తీసుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇప్పుడు ప్రతి ఫోనూ, ప్రతి బ్యాంకూ తెలియని లింకు నొక్కొద్దు, ముక్కూమొహం తెలియనివాడు పంపిన ఫైలు తెరవొద్దు అని పొద్దస్తమానం మొత్తుకుంటున్నాయి. జనం బుద్ధిగా వింటున్నారు (విని, వెంటనే నొక్కుతున్నారు, అది వేరే సంగతి). నేను ఇదే మాట అన్నప్పుడు మాత్రం నాకు దక్కిన బిరుదులు మొండిఘటం, పెంకిఘటం, పొగరుబోతు. మా అమ్మయితే "ఆడపిల్లకి ఇంత మొండితనం పనికిరాదే. రేపు అత్తారింటికెళ్ళి ఏటి సేస్తావు?" అని రోజూ దిగులు పడేది. "అక్కడా అటాచ్‌మెంట్లు తియ్యను" అనేదాన్ని. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఆ మాట మీదే ఉన్నాను.

ఆ ఊళ్ళో మాది సుభాష్‌పల్లి. మా నాన్నకి గోల్‌బజార్లో స్టీలు సామాన్ల కొట్టు. ప్రేమ్ బజార్లో ఒక మేడమీద, కింద మిఠాయికొట్టు వాసనలు పీలుస్తూ కంప్యూటరు కోర్సు చేసి, మా ఊరి తెలుగు బడి ఆఫీసులో ఉద్యోగానికి చేరాను. నన్ను తీసుకోవడానికి కారణం నా మార్కులు కాదు, బొడోబాబు. బొడోబాబు అంటే ఆ బడి హెడ్ క్లర్కు. బెంగాలీ ఆయన. మావాళ్ళ మధ్యే ఉండి ఉండి తెలుగు నేర్చుకున్నాడు గానీ కోపమొచ్చినా కంగారొచ్చినా బెంగాలీలోకి దిగిపోతాడు. అంతకు ముందు ఏడాది ఆయనకి ఎవరో "మీకు బహుమతి వచ్చింది, తగిలించిన ఫైలు తెరిచి చూడండి" అని మెయిలు పంపారు. ఆయన తెరిచాడు. బహుమతి రాలేదు, వైరస్ వచ్చింది. ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఒకే తీగకి కట్టేసి ఉండడంతో సాయంత్రానికల్లా అన్నిటికీ పాకింది. పరీక్ష బోర్డుకి పంపాల్సిన పదో తరగతి పిల్లల పేర్లూ పుట్టిన తేదీలూ అన్నీ పిచ్చిగీతలైపోయాయి. టీచర్లు ఇల్లిల్లూ తిరిగి కాగితాలు పోగేసి మళ్ళీ కొట్టించేసరికి గడువు ముంచుకొచ్చి, పిల్లలకి ఏడాది పోయినంత పనయింది. అందుకే బడి కమిటీ నన్ను కూర్చోబెట్టి చెప్పింది ఒకటే మాట. ఈసారి పిల్లల పేర్లు పోకూడదు.

ఆ మాట అన్నది కమిటీ సెక్రటరీ, టీఎక్సార్ తాత. టీఎక్సారు అంటే రైలు కదిలేముందు ప్రతి డబ్బా కిందకీ వంగి చూసి, అది పరుగెత్తగలదో లేదో తేల్చే రైల్వే ఉద్యోగి. ఆయన రిటైరై చాలా ఏళ్ళయినా ఊళ్ళో ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. ఆదివారం చర్చిలో పాటలు పాడేటప్పుడు తప్ప మిగతా వారమంతా ఆయన నోట ఒకటే కథ. ఏదో పెద్ద ఆఫీసరు సెలూను (అంటే మంచం, వంటగది, నౌకరూ అన్నీ ఉండే ప్రత్యేకమైన డబ్బా) మెయిలుబండికి తగిలించారట. ఈయన కిందకి వంగి చూస్తే స్ప్రింగు ఆకు విరిగి ఉంది. "లోపల దొరగారు టీ తాగుతున్నారు. బయట నాను సుద్దముక్క తీసి సిక్ అని రాసినాను" అని మొదలెట్టేవాడు. ఆఫీసరు టీకప్పుతోనే దిగొచ్చి, నేనెవరినో తెలుసా అని అడిగాడట. "తెలుసు సార్, కానీ స్ప్రింగుకి తెలీదు" అన్నాడట మా తాత. సెలూనుని బండి నుంచి విడదీసి పక్కన పెట్టేశారు, బండి వెళ్ళిపోయింది. ఈ కథ నేను చేరిన రోజు విన్నాను, మర్నాడు విన్నాను, ఆ తరవాత ఎప్పుడు ఆయన నోరు తెరిచినా వినకుండానే తల ఊపడం నేర్చుకున్నాను.

వచ్చిన చిక్కల్లా వైరస్ అంటే ఏమిటో ఆయనకి చెప్పడం దగ్గరొచ్చింది. నేను కోర్సులో నేర్చుకున్న మాటలన్నీ వల్లించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకుంటుండగా ఒక కన్ను తెరిచాడు.

"అటాచ్‌మెంట్ అంటన్నావు, అదేటి పాపా?"

"మెయిలుకి ఎనకాల తగిలించి పంపుతారు తాతా. ఫోటోలో, కాగితాలో..."

"ఎనకాల తగిలించేదా? అయితే డబ్బాయే కదా! మరి తగిలించినప్పుడు ఎగ్జామిన్ సేసినోడెవుడు?"

"ఎవరూ సెయ్యరు తాతా."

ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. "ఎగ్జామిన్ సెయ్యకుండానే లైన్లోకి వదిలేస్తన్నారా? ఒలమ్మా, ఇదేటి రైల్వే!"

ఆ రోజు నుంచి మా ఆఫీసు రైల్వే యార్డు అయిపోయింది. నా కంప్యూటరుకి మిగతావాటితో ఉన్న తీగ పీకేశాం. బడికొచ్చే మెయిళ్ళన్నీ ముందు నా దగ్గరకే రావాలి. తగిలింపు ఉన్న ప్రతి మెయిలూ "సిక్ లైన్" అని నేను పేరుపెట్టిన ఫోల్డర్లోకి పోవాలి (పాడైన డబ్బాల్ని యార్డులో విడిగా నిలబెట్టే పట్టాలని సిక్ లైన్ అంటారు). వైరస్ పట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని తడిమి చూడాలి. నేను పంపినవాళ్ళకి ఫోన్ చేసి "ఇది మీరే పంపారా?" అని అడగాలి. రెండూ సరిపోతే అప్పుడు "ఫిట్" అని రాసి వదలాలి. ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఒక తోక ఉంటుందని, ఫోటోకి ఒక తోక, నొక్కగానే తనంతట తాను పనిచేసే ప్రోగ్రాముకి ఇంకో తోక అని, దొంగ ఫైలు ముందు ఫోటో తోక చూపించి దాని వెనక అసలు తోక దాచుకుంటుందని చెబితే ఆయన బల్ల గుద్దాడు. "ఆఖరి డబ్బాకి ఎల్వీ బోర్డు సూడకుండా ఏ స్టేషన్ మాస్టరైనా బండి మొత్తం వచ్చీసిందంటాడా? తోక సూడాల పాపా! ముందు తోక సూడాల!" అన్నాడు (ఎల్వీ అంటే లాస్ట్ వెహికిల్, బండికి ఇదే ఆఖరి డబ్బా అని తెలిపే పలక). ఇన్నేళ్ళలో ఈ విషయం ఇంతకంటే బాగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. తరవాత నేనూ బోలెడుమందికి ఇలాగే చెప్పాను, వాళ్ళెవరూ బల్ల గుద్దలేదు.

అంతా బాగానే ఉండేది, దుర్గాపూజ సెలవుల ముందు మా బడి కమిటీ ప్రెసిడెంటు గారు శుభాకాంక్షలు పంపకపోయుంటే. ఆయన గోల్‌బజార్లో పెద్ద బట్టలకొట్టు షావుకారు. మెయిలుకి వెనక వెలుగుతూ ఆరుతూ ఉండే దీపాల ఫైలు ఒకటి తగిలించారు. దాని తోక చూస్తే దీపాలది కాదు, ప్రోగ్రాముది. ఫోన్ చేస్తే కొట్లో రద్దీ, ఎత్తలేదు. నేను బొడోబాబుతో "ప్రెసిడెంటు గారిది సిక్ అయింది, సిక్ లైన్లో పెట్టేశాను" అని చెప్పి నా పని చూసుకున్నాను. మాది రైల్వే ఊరు. ఇక్కడ డబ్బా సిక్ అయితే పక్క లైనుకి పోతుంది, మనిషి సిక్ అయితే రైల్వే ఆసుపత్రికి పోతాడు. బొడోబాబు కంగారులో "ది" అన్న ఒక్క అక్షరం మింగేసి, "ప్రెసిడెంట్‌బాబు సిక్ హొయే గేఛేన్!" అంటూ వరండాలోకి పరుగెత్తాడు.

మధ్యాహ్నానికల్లా షావుకారు గారింటి ముందు చెప్పులు గుట్టపడ్డాయి. ఒకరు కొబ్బరిబొండాలు తెచ్చారు, ఒకరు యాపిల్ పళ్ళు. మా బడి టీచర్లు కళ్ళు ఒత్తుకుంటూ వెళ్ళారు. తెలుగు చర్చి పెద్దలు కూడా వచ్చి, హిందువైతే మాత్రం మన షావుకారే కదా అని హాల్లో నిలబడి ప్రార్థన ఎత్తుకున్నారట. ఆ సమయానికి ఆయన వంటింట్లో లుంగీ కట్టుకుని కూర్చుని చేపలపులుసు కలుపుకుంటున్నారు. ఎవరో "ఆఖరి మాటలేమైనా అన్నారా అమ్మా?" అని ఆయన భార్యని అడిగితే, ఆవిడ "ఇంకో ముక్క ఎయ్యమన్నారు" అందట.

సాయంత్రం ఆయనే స్వయంగా ఆఫీసుకి వచ్చారు. "నన్ను సిక్కులో ఎట్టిన గుంట ఏది?"

"మిమ్మల్ని కాదండి, మీ దీపాల్ని పెట్టినాను" అన్నాను లేచి నిలబడి.

"దీపాలకి జొరమొచ్చినాదా? ఇంకోపాలి ఇలాటి మాట ఇంటే నువ్వు మీ నాన్న కొట్లో గిన్నెలు తుడుసుకోవాల. తెలిసిందా?"

"తెలిసిందండి. కానీ అవి ఇంకా సిక్కేనండి. తోక మంచిది కాదు."

టీఎక్సార్ తాత వెనక నుంచి "అదీ! ఫిట్ అయ్యేదాకా వదలొద్దు" అని తొడ చరిచాడు. షావుకారు గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఈ బడికి పిచ్చాసుపత్రి అని బోర్డు రాయిస్తానని చెప్పి వెళ్ళిపోయారు. నేను గెలిచాననే అనుకున్నాను. తాత నా వైపున్నంత కాలం నాకేం భయం?

ఆ తాతే ఎదురు తిరిగిన రోజు గురించి చెప్పాలి ఇప్పుడు.

తాతకి యార్డులో ఒక ప్రాణస్నేహితుడు ఉండేవాడట. ఆగిన బండి చక్రాల్ని సుత్తితో కొట్టి, మోతని బట్టి పగులు ఉందో లేదో చెప్పేవాడు. అందుకని అందరూ సుత్తిగాడు అనేవారు (తరవాత నేనాయన్ని కలిశాను. ఈ కాలపు అర్థంలో కూడా ఆ పేరు సరిపోతుంది). ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. తాత రిటైరయ్యే రోజున యార్డువాళ్ళంతా గ్రూప్ ఫోటో దిగారు. సరిగ్గా ఫోటో తీసే క్షణానికి సుత్తిగాడు ఉత్సాహం పట్టలేక సుత్తి పైకెత్తాడు. అది సరిగ్గా తాత మొహానికి అడ్డమొచ్చింది. రిటైరైన మనిషి సన్మానం ఫోటోలో దండ ఉంది, మెడ ఉంది, మొహం ఉండాల్సినచోట సుత్తి ఉంది. ఆ మాటా మాటా పెరిగి ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. సుత్తిగాడు విశాఖపట్నంలో కొడుకు దగ్గరకి వెళ్ళిపోయాడు. తాత ఆయన పేరెత్తేవాడు కాదు గానీ, ఎవరైనా సుత్తి అన్నా, ఫోటో అన్నా, మొహం తిప్పుకునేవాడు.

పిల్లల పేర్లు బోర్డుకి పంపాల్సిన వారం అది. ఫైలంతా నా కంప్యూటర్లోనే ఉంది, నేను ఒక్కో పేరూ సరిచూస్తున్నాను. ఒక మెయిలు వచ్చింది. పంపినవాడి పేరు సాక్షాత్తూ సుత్తిగాడిది. పైన ఇంగ్లీషులో "మన పాత ఫోటో" అని ఉంది. వెనక ఒక తగిలింపు. నా భుజం మీదుగా తొంగిచూస్తున్న తాత చెయ్యి చాపి తెర మీద ఆ పేరు మీద వేలు పెట్టాడు.

"ఆడే," అన్నాడు. "ఆడే పంపినాడు. ఇన్నేళ్ళకి తగ్గినాడు ఎదవ. తియ్యి పాపా."

నేను తోక చూశాను. ముందు ఫోటో తోక, దాని వెనక ఇంకోటి. "తాతా, ఇది ఫోటో కాదు. ఎనకాల ఇంకో తోక ఉంది."

"ఆడికి కంప్యూటర్ ఏటి తెలుసు? తోక తప్పెట్టుంటాడు. తియ్యి."

"ఒకసారి ఫోన్ సేసి అడగండి మరి."

"నానా! నాను ముందు ఫోన్ సెయ్యాలా? సుత్తి అడ్డెట్టింది ఆడు. ఇప్పుడు ఆడే తగ్గి వచ్చినాడు. తగ్గినోడికి ఫోన్ సేసి, 'ఏరా, తగ్గింది నువ్వేనా' అని అడుగుతారేటి ఎవులైనా?"

ఆ వాదనా న్యాయమే, నిజం చెప్పొద్దూ. కానీ ఆ కంప్యూటర్లో పిల్లల పేర్లున్నాయి. నాకు తాత మీద జాలేసింది, కోపమూ వచ్చింది. ఊళ్ళో అందరినీ ఆపమన్న మనిషి తనదాకా వచ్చేసరికి గేటు ఎత్తెయ్యమంటాడా? షావుకారు దీపాలకి ఒక న్యాయం, ఈయన ఫోటోకి ఒక న్యాయమా?

"తియ్యను తాతా" అన్నాను.

"నాను సెక్రటరీని. ఆర్డర్ ఇస్తన్నాను."

"ఫోన్ సెయ్యండి, తీస్తాను. లేకపోతే తియ్యను."

బొడోబాబు టీ గ్లాసు గాల్లోనే పట్టుకుని నిలబడిపోయాడు. తాత మొహం జేవురించింది. "నానెవుర్నో తెలుసా నీకు?" అని అరిచాడు.

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక, నేను ఊరుకుందామన్నా నా నోరు ఊరుకోలేదు. మరి అన్నిసార్లు విన్నాను ఆ కథ! బల్ల పట్టుకుని, "తెలుసు తాతా. కానీ వైరస్‌కి తెలీదు" అన్నాను.

తాత నా వైపు చూశాడు, కంప్యూటరు వైపు చూశాడు, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. "హే భొగోబాన్" అని బొడోబాబు టీ గ్లాసు నా ముందు పెట్టాడు, తనకోసం తెచ్చుకున్నదే.

ఇంటికెళ్ళి చెప్తే మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "అంత పెద్దమనిషిని అంత మాట అంటావా? నిన్ను తీసేస్తారే!" అంది. "నన్ను తీసేస్తే తీసేసినారు. నాను మాత్రం దాన్ని తియ్యను" అన్నాను. అంటే అన్నాను గానీ అన్నం సయించలేదు. ఉద్యోగం పోతుందని ఎంత భయమో, తాత మళ్ళీ నాతో మాట్లాడడేమో అన్నది అంతకు రెట్టింపు భయం. అయినా తప్పు నాదని మాత్రం ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

మర్నాడు సైకిలు స్టాండు వేసి లోపలికెళ్ళేసరికి తాత నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా సామాను సర్దుకుందామని సంచీ విప్పాను.

"ఫోన్ సేసినాను," అన్నాడు ఎటో చూస్తూ.

చర్చిలో సుత్తిగాడి చుట్టాల్ని పట్టుకుని నంబరు సంపాదించాడట. "ఏరా, ఫోటో పంపినావా అన్నాను. ఫోటో యేటి, నువ్వెవుడివి అన్నాడు. నానెవుణ్ణా? నీ సుత్తి ఎనకాల మిగిలిపోయినోణ్ణిరా అన్నాను. ఇంకేటుంది, ఆడు అటు, నాను ఇటు..." అని తుండుతో ముక్కు తుడుచుకున్నాడు. సుత్తిగాడు ఏ ఫోటో పంపలేదు. ఆయన పేరుమీద మనవడు ఎప్పుడో మెయిలు ఖాతా తెరిచాడు, ఆ కంప్యూటర్లోకి వైరస్ దూరింది, మా బడి వార్షికోత్సవానికి ఊరివాళ్ళందరినీ పిలుస్తూ ఆఫీసు నుంచి పంపిన మెయిలు అందులో ఉంటే ఆ చిరునామాకి తనంతట తానే ఈ ఫైలు పంపేసింది. వాళ్ళింట్లో కంప్యూటర్లో ఉన్నవన్నీ అది తినేసిందట.

"నువ్వు తీసుంటే పేర్లు పోయేవి," అన్నాడు తాత. తుండు దులిపి భుజాన వేసుకుని, "నువ్వు తీసుంటే నాను ఫోన్ కూడా సేసుండేవోణ్ణి కాదు" అన్నాడు. అని లేచి, జేబులోంచి సుద్దముక్క తీసి, నా కుర్చీ వీపు మీద పెద్ద అక్షరాలతో ఫిట్ అని రాశాడు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా నా జాకెట్టుకి ఆ సుద్ద అంటుకునేది. అయినా బొడోబాబుని తుడవనివ్వలేదు.

పిల్లల పేర్లు గడువుకి ముందే బోర్డుకి చేరాయి. సుత్తిగాడు చలికాలంలో మనవణ్ణి వెంటబెట్టుకుని రైలెక్కి వచ్చాడు, సంచీలో అసలు ఫోటోతోనూ, నిజం సుత్తితోనూ. ఆఫీసులో కూర్చుని ఇద్దరూ ఆ ఫోటో చూసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. మళ్ళీ ఇంకో ఫోటో దిగాలన్నారు. నేను పనుందన్నా వినకుండా నన్నూ వెనక నిలబెట్టారు. మనవడు కెమెరా పట్టుకున్నాడు. ఆ ఫోటో ఏమైందో నాకు తెలియదు. తరవాత పెళ్ళయి ఊరు విడిచాను. ముందు తాత, ఆ తరవాత ఆ స్నేహితుడూ పోయారని అమ్మ ఫోనులో చెప్పింది.

ఈమధ్య నాకొక మెయిలు వచ్చింది. పంపినది తెలియని చిరునామా. పైన "మన పాత ఫోటో" అని. వెనక ఒక తగిలింపు. నేను ఇప్పుడు ఒక పెద్ద ఆఫీసులో ఇలాంటివి తెరవొద్దని అందరికీ పాఠాలు చెప్పే మనిషిని. చెప్పుకుంటే సిగ్గుచేటు, నా వేలు దానంతట అది కదిలిపోయింది. ఆ రోజు తాతకి ఎంత లాగిందో అప్పుడు తెలిసింది నాకు. వేలు వెనక్కి తీసుకున్నాను. తోక చూశాను, ఒక్కటే ఉంది. అమ్మ ద్వారా సుత్తిగాడి చుట్టాల్ని కదిపి, ఆయన మనవడి నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. "అవునక్కా, నానే పంపినాను, తాత పెట్టెలో దొరికినాది" అన్నాడు ఆ మనవడు. అప్పుడు తెరిచాను.

ఇద్దరు ముసలాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. టీఎక్సార్ తాత మొహం ఈసారి నిక్షేపంగా పడింది. సుత్తి మాత్రం ఈసారీ పైకే లేచి, వెనక నిలబడ్డ నా మొహాన్ని సగం కప్పేసింది. మిగిలిన సగంలో ఒక కన్ను, బిగించిన సగం మూతి. పక్కన కంప్యూటర్లో ఎవరిదో మెయిలు ఆగి ఉంది కాబోలు, చేతులు కట్టుకుని "తియ్యను" అన్నట్టు నిలబడి ఉంది ఆ పిల్ల. చాలాసేపు చూశాను దాన్ని. ఇప్పుడు తాత వచ్చి నన్ను వంగి పరీక్షిస్తే మోకాళ్ళ దగ్గర సిక్ అనే రాస్తాడు. మూతి దగ్గర మాత్రం, ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇంకా ఫిట్టే.